రూబీ రాయికి వెల్ల

సువర్ణకుమారి అన్న పేరు ఆ నర్సింగ్ హోమ్‌లో ఒక్కరికీ నోరు తిరగలేదు. మొదటి రోజు మేట్రన్ పాపం కష్టపడింది. "సువ్వా... సువ్వార్..." అంటూ రెండుసార్లు తడబడి, మూడోసారికి "సిస్టర్ సూ" అని తేల్చేసింది. నరసాపురంలో పుట్టి, అక్కడి మిషనాసుపత్రిలో ఇరవయ్యేళ్ళు నర్సుగా చేసి, నలభై రెండో ఏట ఆస్ట్రేలియాలో దిగిన మనిషి ఒక్క పూటలో సూ అయి కూర్చుంది. ఆవిడకి అదేమీ చిన్నతనం అనిపించలేదు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే ముసలివాళ్ళని చూసుకునే చోటు, పిలిచేవాళ్ళంతా ఎనభై దగ్గరపడ్డవాళ్ళు, సగం మందికి సొంత పేర్లే గుర్తుండవు, నా పేరు కోసం వాళ్ళని ఏడిపించడమెందుకులే అనుకుంది.

ఇల్లు క్వేకర్స్ హిల్‌లో. ఉద్యోగం పక్క స్టేషన్ స్కోఫీల్డ్స్‌లో. ఇప్పుడు అటు వెళితే చూరుకి చూరు తగిలేలా ఇళ్ళే గానీ, 1990లో ఆ నర్సింగ్ హోమ్ వెనక కంచె దాటితే అడివే. నల్లటి బెరడు చెట్లూ, నడుమెత్తు గడ్డీ, కింద వాగూ. వాగు పక్కన సరుగుడు చెట్లు. వాటిని మొదటిసారి చూసినప్పుడు సువర్ణ నిలబడిపోయింది. నరసాపురం నుంచి పేరుపాలెం బీచికి వెళ్ళే దారిలో ఉండేవి ఇవే కదా! మన సరుగుడుకి అసలు పుట్టిల్లు ఆస్ట్రేలియానే అని ఎవరో చెప్పినప్పుడు ఆవిడకి భలే సంతోషం వేసింది. "చూశారా, నాకంటే ముందే చుట్టాలు అటూ ఇటూ తిరిగారు" అని భర్తతో చెప్పింది.

ఆయన "ఊఁ" అన్నాడు. ఎలియాజర్ గారి సంగతి అంతే. నరసాపురంలో లెక్కల మాస్టారు, ఇక్కడ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. చర్చిలో పెద్ద. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే, పదహారేళ్ళుగా ఒక పేరు ఆయన నోటి వెంట రాలేదు.

ఆ పేరు ఫేబీ. వాళ్ళ పెద్దపిల్ల. 1974లో టైఫాయిడొచ్చి పోయింది, ఎనిమిదేళ్ళకి. తల్లి నర్సు, చుట్టూ డాక్టర్లు, మందులు, ఏవీ పనికిరాలేదు. ఆ పిల్లకి గుర్రాలంటే పిచ్చి. నరసాపురం స్టేషన్ దగ్గర జట్కా గుర్రానికి రోజూ బెల్లంముక్క పట్టుకెళ్ళేది, ఇంట్లో బెల్లం డబ్బా ఊరికే ఖాళీ అయిపోయేది. పిల్ల పోయాక ఎలియాజర్ గారి దగ్గర ఆ పేరెత్తితే లేచి అవతలకి వెళ్ళిపోయేవాడు. కోపం కాదు, తట్టుకోలేకపోవడం. రెండేళ్ళకి ఎవా పుట్టింది. ఎవాకి అక్క ఉండేదని తెలుసు, అంతకుమించి తెలీదు. ఇంట్లో ఆ మాటే రాకపోతే ఎలా తెలుస్తుంది?

మనవాళ్ళ ఆచారం తెలిసిందే. ఈస్టరుకి ముందు సమాధులు కడిగి, వెల్ల వేసి, తెల్లవారుజామున పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని ఊరంతా శ్మశానానికి వెళ్ళి పాటలు పాడతారు. వీళ్ళు ఆస్ట్రేలియా వచ్చేశాక ఫేబీ సమాధికి ఆ పని సువర్ణ అక్క విద్యావతి చేసేది. చేసి, ఉత్తరం రాసేది. ఉత్తరం నిండా ఎవరికి పెళ్ళయింది, ఎవరికి కాలు విరిగింది అన్న కబుర్లే గానీ, ఆఖర్న ఏటేటా తప్పకుండా మూడు ముక్కలుండేవి: "వెల్ల వేశాను. పూలు పెట్టాను. దిగులు పడకు." ఆ మూడు ముక్కల కోసమే సువర్ణ ఉత్తరం విప్పేది. 1988లో విద్యావతి పోయింది. దానితో ఆ ఉత్తరమూ పోయింది. ఎవర్ని అడగాలి? అన్నదమ్ములు లేరు. పాస్టరు గారికి రాస్తే "తప్పకుండా చూస్తాం అమ్మా" అని జవాబొచ్చింది. చూస్తాం అనడం వేరు, చూశాను అనడం వేరు. ఆ తేడా సువర్ణకి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

సరే, 1990 జూన్ నెల. ఇక్కడ అది చలికాలం. సువర్ణ డ్యూటీ మధ్యాహ్నం మూడింటికి దిగుతుంది. రోడ్డు చుట్టూ తిరిగి స్టేషన్‌కి పోయే బదులు అడ్డదారిన అడివిలోంచి పోతే ఇరవై నిమిషాలు. ఒకరోజు దారి పక్కన పసుపుపచ్చగా ఏదో కనిపించి అటు తిరిగింది. చూస్తే నిమ్మచెట్టు! కాయలు మన గజనిమ్మ మాదిరి, బుడిపెలు బుడిపెలుగా, పిడికెడంత. నిమ్మచెట్టు దానంతటది అడివిలో మొలవదు గదా, ఎవరో నాటే ఉంటారు అనుకుంటూ గడ్డి తొలగించుకుని లోపలికి నడిచింది.

ఇల్లు! అంటే, ఒకప్పటి ఇల్లు. పైకప్పు లేదు, గోడల్లేవు, ఇటుకల పొగగొట్టం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. దాని కింద తుప్పు పట్టిన ఇనప పొయ్యి, పొయ్యి నోట్లో పిట్టగూడు. అంచులూడిన ఎనామిల్ కప్పు, నీలం సీసా పెంకులు, మూత పగిలిన కుట్టుమిషను. వెనక గుమ్మం ఉండాల్సిన చోట మెట్టు లేదు, గుంట ఉంది. సువర్ణ చెప్పులు విప్పబోయి, నవ్వుకుని మానేసింది. ఎవరిదో ఇల్లు, చెప్పులతో ఎలా అనిపించింది మరి.

నాలుగడుగులు అవతల, చెట్టు నీడన, మోకాలెత్తు రాయొకటి పాతి ఉంది. నాచు పట్టింది. చీరకొంగైతే బావుండేది, యూనిఫామ్‌లో ఉంది గనక చేతిరుమాలుతో తుడిచింది. అక్షరాలు వంకరటింకరగా, ఎవరో ఉలి చేతబట్టడం రానివాళ్ళు చెక్కినట్టు: రూబీ. కింద 1924, 1937.

రూబీ! మన చర్చిల్లో బెంచీకొక రూబీ ఉంటుంది. పదమూడేళ్ళ పిల్ల. ఇక్కడ, ఈ గడ్డిలో, ఒక్కర్తీ. సువర్ణ అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. రూబీ కోసం ఏడ్చిందో ఎవరి కోసం ఏడ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఏడ్చి, ముక్కు చీదుకుని, లేచి, నిమ్మకాయలు ఓ డజను కోసుకుని రైలెక్కింది. ఆవిడంతే, ఏడుపు ఏడుపే, ఊరగాయ ఊరగాయే.

అప్పట్నించీ వారానికోసారి ఆగడం మొదలుపెట్టింది. గడ్డి పీకేది. రెండు మాటలు ప్రార్థన చేసేది. "రూబీ తల్లీ, మీవాళ్ళెవరో తెలీదు, మా ఫేబీ దగ్గర కూడా ఇలాగే ఎవరో ఒకరు ఆగుతూ ఉండాలి" అని అడిగేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు "అడివిలోకి ఎందుకెళ్ళావు, పాములుంటాయి" అంటారని ఆవిడ భయం.

ఫిబ్రవరిలో పెద్ద బోర్డు లేచింది: స్టేజ్ టూ, నూట నలభై హౌస్ సైట్లు. చెట్ల మొదళ్ళకి ఎర్ర రిబ్బన్లు కట్టారు. కొట్టేయబోయే వాటికి కట్టేది అదట. నిమ్మచెట్టుకీ కట్టారు. పొగగొట్టానికి కూడా. రాయిని గడ్డిలో ఎవరూ చూసుకున్నట్టు లేదు. బుల్డోజరుకి రిబ్బనుతో పనేముంది, మీదనుంచి పోతుంది, అంతే. సువర్ణకి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ ఈస్టరుకి ఒక్కసారైనా ఆ పిల్లకి వెల్ల వేయకపోతే ఇక ఎప్పటికీ లేదు.

హార్డ్‌వేర్ షాపుకెళ్ళి సున్నం సంచి కొంది. కౌంటర్ దగ్గర కుర్రాడు "గార్డెన్‌కా?" అంటే "అవును" అంది, అబద్ధం కూడా కాదు. ఊళ్ళో చేసినట్టే బకెట్టులో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, అందులో చిటికెడు నీలిమందు కలిపింది. నీలిమందు పడకపోతే వెల్లకి ఆ మెరుపు రాదు, పాలిపోయినట్టుంటుంది. ఇండియన్ షాపులో దొరికిన చిన్న సీసా, అలమారలో మూడేళ్ళుగా దాచుకుంది, ఎందుకు దాచుకుందో అప్పుడు తెలిసింది.

1991 ఈస్టరు ఆదివారం తెల్లవారుతుండగా, భర్తా కూతురూ లేవకముందే, టాక్సీ పిలిపించుకుని వెళ్ళింది. ముందురోజు వేసిన వెల్ల ఆరి, తెలుపులో నీలం తొంగిచూస్తూ రాయి మెరుస్తోంది. తెల్ల చామంతులు పెట్టింది. ఆరు కొవ్వొత్తులు. అచ్చం ఊళ్ళో పాడినట్టే గొంతెత్తి పాడింది, వినడానికి పిట్టలు తప్ప ఎవరూ లేరు గనక సిగ్గుపడలేదు. ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు ఇడ్లీలు వేసింది.

మంగళవారం బుల్డోజర్లొచ్చాయి. బుధవారానికి ఆగిపోయాయి!

ఏమైందంటే, డ్రైవరు పొదలు తోసుకుంటూ వస్తుంటే గడ్డిలో తెల్లగా, నీలంగా ఏదో మెరిసింది. దిగి చూస్తే తాజా పూలు, కొవ్వొత్తి కరిగిన చారలు, ఒక పేరు, రెండు సంవత్సరాలు. మనిషి సమాధి! ఎవరో ఇంకా వచ్చి చూసుకుంటున్న సమాధి! అతను బండి కట్టేసి ఫోర్‌మన్‌ని పిలిచాడు, ఫోర్‌మన్ పోలీసుల్ని పిలిచాడు. పసుపు టేపు కట్టారు. తవ్వి చూసే నిపుణుడు రావాలి, అందాకా ఆ చుట్టుపక్కల ఏ యంత్రమూ కదలకూడదన్నారు. ఆయనగారు రావడానికి మూడు వారాలట. స్థానిక పేపర్లో ఫొటో వేసి, పైన రాశారు: "ఎవరీ రూబీ?"

ఆ పేపరు నర్సింగ్ హోమ్ టీవీ గదిలో మేట్రన్ పైకి చదివింది. సువర్ణ మందుల ట్రే కింద పెట్టి పేపర్లోకి తొంగిచూసింది. భయమూ వేసింది, పట్టరాని సంతోషమూ వేసింది. సున్నమూ నీలిమందూ కలిసి బుల్డోజరుని ఆపేశాయి!

సరిగ్గా అప్పుడు మూల కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది. ఆల్ఫ్ ట్రాంటర్. డెబ్బై రెండేళ్ళ మనిషి, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి ఏడాది అయింది. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో ఆరు "టీ". అలాంటిది ఆయన నవ్వుతున్నాడు. కాదు, ఏడుస్తున్నాడు. రెండూ.

సువర్ణ దగ్గరకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైంది మిస్టర్ ట్రాంటర్?"

"రూబీ" అన్నాడు, ఒక్కో అక్షరం తవ్వితీసినట్టు. "నాది."

"మీ... చెల్లెలా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గుర్రం, సిస్టర్. నా గుర్రం."

సువర్ణకి తల కొట్టేసినట్టయింది. పది నెలలు! పది నెలలు గుర్రం సమాధి దగ్గర మోకరించి ప్రార్థన చేసింది, పాటలు పాడింది, తన కడుపులోని దుఃఖమంతా దానితో చెప్పుకుంది. నరసాపురంలో తెలిస్తే చర్చి చర్చంతా నేలమీద పడి నవ్వుతుంది. కానీ ఎవరు మాత్రం గుర్రానికి రాయి పాతి పేరు చెక్కుతారనుకుంటారు?

ఆ సాయంత్రం ఇంట్లో రాయి సంగతంతా కక్కేసింది, ఫేబీ పేరు మాత్రం ఎత్తలేదు. ఎవా నోరు తెరుచుకుని వింది. "మమ్! యూ ప్రేడ్ ఫర్ ఏ హార్స్?" అని సోఫాలో పడి దొర్లింది. ఎలియాజర్ గారు గంభీరంగా ఉండబోయారు, మీసం కింద పెదవి అదిరింది, ఆపుకోలేక ఆయనా నవ్వేశారు. ఆయన అలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో!

"నవ్వండి, నవ్వండి" అంది సువర్ణ ఉడుక్కుంటూ. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి ముందు."

నవ్వు ఆగింది. విషయం తేలికది కాదు. చెబితే రేపే బుల్డోజర్లు కదులుతాయి. రాయీ, నిమ్మచెట్టూ, పొగగొట్టమూ నేలమట్టం. చెప్పకపోతే మూడు వారాలైనా నిలుస్తాయి, ఆ తర్వాత ఏమో, ఎవరైనా అడ్డుపడి ఆపినా ఆపొచ్చు.

"ఆ పని ఆగిపోతే డ్రైవర్లకి కూలి ఇస్తారా?" అని అడిగాడు ఎలియాజర్.

"ఇవ్వరట. ఇళ్ళకి పంపేశారట."

"అయితే చెప్పేసెయ్యి సువర్ణా. మన దిగులు కోసం వాళ్ళ పొట్ట కొట్టకూడదు."

మన దిగులు. ఆ మాట ఆయన నోట విని ఆవిడ ఒక్క క్షణం ఆయన వంకే చూసింది. ఆయన అప్పటికే పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

చెప్పాలి, సరే. కానీ ఆ రాయి నా ఒక్కదానిదా? దాని సొంతదారు వంద గజాల అవతల చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన చూడకుండా ఎలా? శనివారం సెలవు, ఎవాని వెంటబెట్టుకుని వెళ్ళి, మేట్రన్‌ని అడిగింది. మేట్రన్ ఆల్ఫ్ మొహం చూసి కాదనలేకపోయింది. అడివి దారిలో చక్రాల కుర్చీ నడపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది ఇద్దరికీ. ఎవా తోస్తే తల్లి ముందునుంచి ఎత్తింది, తల్లి అలసిపోతే ఎవా విసుక్కుంది, మళ్ళీ తనే తోసింది. పసుపు టేపు దగ్గర కాపలా ఉన్న ఫోర్‌మన్ కెవిన్ అడ్డుకోబోయి, ముసలాయన్ని చూసి టేపు పైకెత్తాడు.

పొగగొట్టం కనబడగానే ఆల్ఫ్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏడాదిగా మూటగట్టుకున్న మాటలన్నీ అక్కడ విప్పాడు. నత్తినత్తిగా, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ. అదిగో అక్కడ అమ్మ కుట్టుమిషను. ఇదిగో నాన్న నాటిన నిమ్మ. రూబీ ఎర్రటి ఆడగుర్రం, ఎనిమిదో ఏటనుంచీ తను దాని వీపు మీదే బడికెళ్ళాడు. ఓసారి వాగు పొంగి మధ్యలో తను జారిపోతే, జీను పట్టీ పట్టుకున్నవాణ్ణి అలాగే ఈడ్చుకుని ఒడ్డుకి చేర్చిందట. అది చచ్చిపోతే నాన్న ఎముకల ఫ్యాక్టరీకి అమ్మేస్తానన్నాడు. పద్దెనిమిదేళ్ళ ఆల్ఫ్ రెండు రోజులు ఒక్కడే గొయ్యి తవ్వాడు. గుర్రం పట్టే గొయ్యి అంటే మాటలా! మరి రాయి? రాయి కొనడానికి ఎక్కడివి డబ్బులు? వెనక గుమ్మం గడపరాయి పెరికేశాడు.

"మీ అమ్మ ఏమనలేదా?" అంది సువర్ణ, ఆ గుంట వైపు చూస్తూ.

"అమ్మే పలుగు తెచ్చిచ్చింది" అన్నాడు ఆల్ఫ్. "చచ్చేదాకా ఒక చెక్కపెట్టె మీద కాలేసి లోపలికెళ్ళేది. ఒక్కసారి కూడా సణగలేదు."

అప్పుడు సువర్ణ కెవిన్ వైపు తిరిగి, చేతులు కట్టుకుని, చెప్పేసింది. అది సమాధే గానీ గుర్రానిదని. వెల్ల వేసింది తనేనని. మా ఊళ్ళో అలా వేస్తామని. తన పిల్ల ఉంది, దానికి వేసేవాళ్ళు లేరు, అందుకని. ఆ చివరిది చెప్పాలనుకోలేదు, నోరు జారి వచ్చేసింది. మీవాళ్ళ కూలి పోయింది, క్షమించండి అని ఏడ్చింది. ఎవా కుర్చీ పిడి పట్టుకుని కదలకుండా నిలబడి వింది. తల్లి ఈ మాట అనడం ఎవా పుట్టాక అదే మొదలు.

కెవిన్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ఆరడుగుల మనిషి, చేతులనిండా పచ్చబొట్లు. పోలీసులతో నేను మాట్లాడతాలే అన్నాడు. అని, "సిస్టర్, నా డ్రైవరు కుర్రాడు ఆ రోజు దాని మీదనుంచి పోయుంటే మాకెవరికీ తెలిసేది కూడా కాదు. ఈయన దాన్ని ఇక చూసేవాడే కాదు. మీరు క్షమించండి అంటారేంటి?" అన్నాడు.

ఆల్ఫ్ మంచి చెయ్యి చాపి సువర్ణ చెయ్యి పట్టుకున్నాడు. "యాభై ఏళ్ళు. దానికోసం ఏడ్చింది నేనొక్కణ్ణే అనుకున్నా" అన్నాడు. "థాంక్యూ, సిస్టర్."

సోమవారం పని మొదలైంది. అడివి పోయింది. అబద్ధమెందుకు, మొత్తం పోయింది. సరుగుడు చెట్లు వాగు పుణ్యమా అని మిగిలాయి, అంతే. కానీ మొట్టమొదట జరిగిన పని ఏమిటంటే, కెవిన్ తన డిగ్గర్‌తో ఆ రాయిని పచ్చిగుడ్డుని ఎత్తినట్టు ఎత్తి, తాళ్ళు కట్టి, లారీలో తెచ్చి నర్సింగ్ హోమ్ తోటలో, ఆల్ఫ్ కిటికీ ఎదురుగా పాతించాడు. తోడుగా ఒక బస్తా నిమ్మకాయలు. సువర్ణ ఊరగాయ పెట్టి ఒక సీసా అతనికే ఇచ్చింది. వారం తర్వాత ఖాళీ సీసా పట్టుకుని వచ్చాడు, ముక్కు ఎర్రగా, ఇంకా ఉందా అంటూ.

ఆ ఏడాదంతా ఎవా శనివారాలు నర్సింగ్ హోమ్‌కి రావడం మొదలుపెట్టింది. స్కూలు వాలంటరీ వర్క్ అంది. ఆల్ఫ్‌తో గంటలు గంటలు ఏం మాట్లాడుతుందో తెలిసేది కాదు. ఆయన చేతికి వ్యాయామం కావాలని ఫిజియో చెప్పాడట, ఏదో సుత్తీ ఉలీ సంపాదించారు. సువర్ణ చూడబోతే "గో అవే మమ్, బాయ్స్ షెడ్" అనేది, ఇది మగపిల్లల పాక, నువ్వు రాకూడదన్నట్టు. నువ్వు బాయ్ ఎప్పుడయ్యావే అని నవ్వుకుని వెళ్ళిపోయేది ఆవిడ.

1992 ఈస్టరు. సువర్ణ ముందురోజే సున్నం నానబెట్టింది, నీలిమందు కలిపింది, ఈసారి ఎవరికీ తెలీకుండా కాదు. తెల్లవారేసరికి బకెట్టూ బ్రష్షూ పట్టుకుని తోటలోకి వెళ్ళేసరికి ఆల్ఫ్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కంబళి కప్పుకుని. పక్కన ఎవా. రాయి ముందువైపు సువర్ణ నిదానంగా వెల్ల వేసింది. రూబీ అక్షరాల్లోకి బ్రష్షు కొసతో పోనిచ్చింది. పూలు పెట్టి లేవబోయింది.

"అయిపోలేదు" అన్నాడు ఆల్ఫ్. "వెనక."

వెనకవైపు, ఎవరూ తొంగిచూడని పొదల పక్కన, ఎన్నో ఏళ్ళు ట్రాంటర్ల కాళ్ళు పడి పడి అరిగి పల్లంగా తేలిన గడప ముఖం. ఆ పల్లంలో, వంకరటింకరగా, ఎడంచేత్తో చెక్కిన తెలుగు అక్షరాలు:

ఫేబీ. కింద 1966, 1974.

సువర్ణ బ్రష్షు పక్కన పెట్టి ఆ అక్షరాలు వేలితో తడిమింది. ఇక్కడ తెలుగు ఎవరికొచ్చు? ఎవాకి మాట్లాడితే అర్థమవుతుంది, రాయడం ఒక్క అక్షరం రాదు. సువర్ణ కూతురి వంక చూసింది.

ఎవా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. ఎవా ఉలి పట్టుకుంటే ఆల్ఫ్ చూసి చెక్కడానికి పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, ఉలిపొడి అంటుకుని ఉంది. ఆ రాత ఆవిడకి తెలుసు. పాతికేళ్ళుగా తెలుసు. నల్లబల్ల మీద రాసే మాస్టారి రాత, గుండ్రంగా, దీర్ఘం కాస్త పొడుగ్గా.

"డాడ్‌ని అడిగాను" అంది ఎవా, తెలుగులో, తడుముకుంటూ. "లేచి వెళ్ళిపోతారనుకున్నా. వెళ్ళలేదు. కూర్చుని రాశారు. చాలాసేపు రాశారు."

సువర్ణ ఆ రాయిని పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో లెక్క లేదు. ఈసారి ఎవరి కోసం ఏడుస్తోందో దాచుకోనక్కర్లేకపోయింది. ఒక గుర్రమూ, ఒక గుర్రాల పిచ్చిపిల్లా, ఒకే రాయికి అటొకరూ ఇటొకరూ. ఫేబీకి తెలిస్తే బెల్లం డబ్బా పట్టుకొచ్చేది. దేవుడా, ఎక్కణ్ణించి ఎక్కడికి తెచ్చి ఏమిచ్చావు నాకు అనుకుంది.

"ఇకమీద రెండు వైపులా వెయ్యాలి మీరు, సిస్టర్" అన్నాడు ఆల్ఫ్. "పని పెరిగింది."

ఇంటికి వెళ్ళేసరికి ఎలియాజర్ గారు చర్చికి తయారై, టై కట్టుకుని, హాల్లో నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు. ఆవిడ చేతులనిండా సున్నం. ఆయన ఆ చేతుల వంక చూశాడు.

సువర్ణే చెప్పింది.

"ఫేబీకి వెల్ల వేశానండీ. పూలు పెట్టాను. దిగులు పడకండి."

ఆయన అవతలకి వెళ్ళిపోలేదు. ఆ సున్నం చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, "మన ఫేబీ" అన్నాడు.